హోంవర్క్ చేయలేదని ఆటల పీరియడ్ తీసేయవచ్చా?

ఏడో తరగతి ఉపాధ్యాయురాలు (చర్చ ప్రారంభం)

హోంవర్క్ చేయకుండా వచ్చిన పిల్లలను ఆటల పీరియడ్‌లో తరగతిలోనే కూర్చోబెట్టి, మిగిలిన పని పూర్తి చేయించాలని మా బడిలో ఇటీవల ఒక ప్రతిపాదన వచ్చింది. నేను దాన్ని సమర్థించాను. ఇద్దరు సహోపాధ్యాయులు మాత్రం ఇది బాలల హక్కులకు విరుద్ధమని అభ్యంతరం చెప్పారు. మేము కొట్టడం లేదు, తిట్టడం లేదు, నలుగురిలో నిలబెట్టి అవమానించడం లేదు. చేయాల్సిన పని చేయించడం కూడా హక్కుల ఉల్లంఘనే అయితే, తరగతిని అదుపులో ఉంచడానికి ఉపాధ్యాయుల చేతిలో ఇక ఏం మిగులుతుంది? పెద్దల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.

ఒక విద్యార్థి తండ్రి

మేడమ్ గారి మాటే సరైనది. పిల్లలకు హక్కుల గురించి చెప్పేవారు బాధ్యతల గురించి కూడా చెప్పాలి. పని పూర్తి చేసినవాడికి ఆట, చేయనివాడికి పని అనడంలో అన్యాయం నాకైతే కనిపించడం లేదు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

మేడమ్ గారి ప్రశ్నలో నిజాయితీ ఉంది కనుక వివరంగానే రాస్తాను. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం విశ్రాంతిని, ఆటను పిల్లల హక్కుగా గుర్తించింది. చదువు హక్కును చెప్పే 28వ అధికరణంలోనే, బడిలో క్రమశిక్షణ పిల్లల మానవ గౌరవానికి తగిన రీతిలో ఉండాలని కూడా ఉంది. పనిని బట్టి ఇచ్చే బహుమతిగా ఆటను అందులో ఎక్కడా చెప్పలేదు. హోంవర్క్ చేయలేదని మనం ఎవరికీ మంచినీళ్లు ఆపము కదా! ఆటను మాత్రం సులువుగా ఆపేస్తున్నామంటే, దాన్ని అవసరంగా కాక అదనపు సౌకర్యంగా చూస్తున్నామనే అర్థం. బాధ్యతలు ఉండకూడదని నేను అనడం లేదు. మిగిలిపోయిన పని పూర్తి కావలసిందే, కానీ అందుకు వేరే సమయం చూడాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి ఉంది. ఈ శిక్ష ఎవరి మీద పడుతుందో కొన్ని వారాలు గమనించండి. దాదాపు ఎప్పుడూ ఆ కొద్దిమందే కనిపిస్తారు. ఇంట్లో చెల్లెలిని చూసుకోవలసిన అమ్మాయి, పాఠం అర్థం కాక మొదటి లెక్క దగ్గరే ఆగిపోయిన అబ్బాయి, చదువు చెప్పేవారు ఇంట్లో ఎవరూ లేని పిల్లలు. నా తరగతిలో ఒక అబ్బాయి లెక్కలన్నీ తప్పుగా ఎత్తి రాసుకునేవాడు. బోర్డు మీది 8 అతని పుస్తకంలో 3 అయ్యేది, 6 సున్నా అయ్యేది. పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూస్తున్నాడని అందుకు మరో మందలింపు. చివరికి ఒక ఉపాధ్యాయురాలు అతని పక్కన కూర్చుని, బోర్డు మీద ఏముందో చదవమని అడిగేసరికి చూపు సమస్య బయటపడింది. అప్పటిదాకా ఆ పిల్లవాడు ఎన్నో ఆటల పీరియడ్లు తరగతి గదిలోనే గడిపాడు. ఎందుకు చేయలేకపోయావని అతన్ని ఎవరూ అడగలేదు. పిల్లలు తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పవచ్చని, వారి వయసునూ పరిణతినీ బట్టి దానికి తగిన విలువ ఇవ్వాలని 12వ అధికరణం చెప్పేది ఇలాంటి సందర్భాల కోసమే.

ఏడో తరగతి ఉపాధ్యాయురాలు

మాస్టారూ, మీరు చెప్పిన అబ్బాయి విషయం మనసును తాకింది. కానీ నిండు తరగతిలో ఒక్కొక్కరినీ పిలిచి కారణం అడుగుతూ కూర్చుంటే పాఠం ఎప్పుడు చెప్పాలి? అడిగినా అందరూ నిజమే చెబుతారన్న నమ్మకం ఏమిటి? ఒకరి కారణం ఒప్పుకుంటే రేపు పదిమంది అదే కారణంతో వస్తారు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

అందరినీ రోజూ అడగనక్కరలేదు. మళ్లీ మళ్లీ చేయకుండా వస్తున్నవారిని అడిగితే చాలు. అదీ అందరి ముందు కాకుండా, పక్కకు పిలిచి అడగాలి. ఇంటి కష్టాన్ని నలభైమంది ఎదుట ఏ పిల్లా చెప్పదు, అప్పుడు అబద్ధమే దిక్కవుతుంది. వినడమంటే చెప్పినదల్లా ఒప్పుకోవడం కాదు. విన్న తరువాత కూడా నిర్ణయం మీదే, కాకపోతే అది తెలిసి తీసుకున్న నిర్ణయం అవుతుంది.

పిల్లల మాట వింటే పెద్దల అధికారం పోతుందన్న భయానికి పాత సమాధానమే ఒకటుంది. పోలండ్‌కు చెందిన వైద్యుడు యానుష్ కోర్చాక్ 1912 నుంచి వార్సాలో నడిపిన అనాథాశ్రమంలో పిల్లల న్యాయస్థానం ఉండేది. న్యాయమూర్తులు పిల్లలే. పెద్దల మీద కూడా అక్కడ ఫిర్యాదు చేయవచ్చు, కోర్చాక్ తానే దాని ముందు నిలబడ్డాడు. ఆ న్యాయస్థానం నియమావళిలో క్షమించే నియమాలే ఎక్కువ. దానివల్ల ఆశ్రమం అదుపు తప్పలేదు. మన బడుల్లో న్యాయస్థానాలు పెట్టమని నేను అనడం లేదు. తరగతి నియమాలు రాసేటప్పుడు పిల్లలను కూర్చోబెట్టుకోవడం, మార్కులు పైకి చదవకుండా ఎవరి పేపరు వారికి ఇవ్వడం, మూత్రానికి వెళ్లడానికి చేయి ఎత్తిన పిల్లను పీరియడ్ అయ్యేదాకా ఆపకపోవడం, వీటికి ప్రత్యేకంగా సమయం గానీ డబ్బు గానీ అక్కరలేదు.

పదో తరగతి విద్యార్థిని

పెద్దల మధ్య మాట్లాడుతున్నందుకు క్షమించండి. వ్యక్తిగత శిక్ష కన్నా మాకు బాధ కలిగించేది, ఒకరు అల్లరి చేస్తే తరగతి మొత్తాన్ని ఆటకు పంపకపోవడం. తప్పు చేయనివారు కూడా శిక్ష అనుభవిస్తారు, తప్పు చేసినవారి మీద అందరికీ కోపం మిగులుతుంది. ఇది ఎవరు చేశారో చెప్పించడానికని అంటారు, కానీ చెప్పిన వారితో తరువాత ఎవరూ మాట్లాడరు. దీని గురించి కూడా ఆలోచించగలరా?

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

క్షమాపణ ఎందుకమ్మా, ఈ చర్చ మీ గురించే. ఒకరి తప్పుకు అందరినీ శిక్షించడాన్ని యుద్ధంలో సాధారణ ప్రజల రక్షణ కోసం చేసుకున్న 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం 33వ అధికరణం యుద్ధకాలంలో కూడా నిషేధించింది. అలాంటిది బడిలో చేయడానికి మాకు ఏ సమర్థనా లేదు.

ఏడో తరగతి ఉపాధ్యాయురాలు

తరగతి మొత్తాన్ని ఆపే పద్ధతిని నేను కూడా అనుసరించాను. వచ్చే సమావేశంలో దాన్ని మానేయాలని నేనే ప్రతిపాదిస్తాను. పదేపదే హోంవర్క్ తేని పిల్లలతో విడిగా మాట్లాడిన తరువాతే ఏ చర్య అయినా తీసుకోవాలన్న నియమం కూడా అడుగుతాను. అయితే కారణమేమీ లేకుండా, కేవలం నిర్లక్ష్యంతో పని మానేసే విద్యార్థి విషయంలో ఆట సమయంలో కొంత తీసుకోవడం తప్పని నేను ఇంకా ఒప్పుకోలేకపోతున్నాను. అలాంటి విద్యార్థి పనిని మీ బడిలో ఏ సమయంలో, ఎవరి పర్యవేక్షణలో పూర్తి చేయించేవారో రాస్తే, దాన్ని సమావేశం ముందు పెడతాను.