జెనెటిక్ ప్రోగ్రామింగ్‌లో ఎర్రర్ తగ్గడం ఆగాక కూడా చెట్లు ఎందుకు ఉబ్బుతున్నాయి?

ప్రశ్న

జెనెటిక్ ప్రోగ్రామింగ్‌తో (ఫార్ములాలను చెట్లుగా రాసి, తరతరాలుగా ఏరుతూ కలుపుతూ మెరుగుపరిచే పద్ధతి) సింబాలిక్ రిగ్రెషన్, అంటే డేటాకు సరిపడే ఫార్ములా వెతకడం, నడుపుతున్నాను. జనాభా 500, టోర్నమెంట్ సైజు 7 (యాదృచ్ఛికంగా తీసిన 7 చెట్లలో మెరుగైనదే పిల్లల్ని కంటుంది), సబ్‌ట్రీ క్రాస్ఓవర్ (రెండు చెట్ల కొమ్మలు చోట్లు మార్చుకోవడం) సంభావ్యత 0.9. మొదటి తరంలో సగటున 15 నోడ్లున్న (ప్రతి గుర్తు, చలరాశి, అంకె ఒక్కో నోడ్) చెట్లు 40వ తరానికి 300 దాటుతున్నాయి. ఎర్రర్ మాత్రం 20వ తరం దగ్గరే ఆగిపోయింది. లోతుకు 17 అని హద్దు పెట్టినా ఇదే తంతు. క్రాస్ఓవర్ ఎంత ఇస్తే అంత పుచ్చుకుంటుంది కదండీ, మరి ఈ అదనపు నోడ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?

జవాబు 1

మీ అనుమానం సరైనదే, క్రాస్ఓవర్ ఒక్కటే అయితే సగటు పెరగదు. 41 నోడ్ల చెట్లు రెండు తీసుకోండి. ఒకదాని ఆకు, రెండోదాని 35 నోడ్ల కొమ్మ చోట్లు మారాయనుకుందాం. పుట్టే పిల్లలకు 75, 7 నోడ్లు. మొత్తం అదే 82. కానీ 7 నోడ్లలో పనికొచ్చే ఫార్ములా ఇమడటం కష్టం, టోర్నమెంట్‌లో అది నిలవదు. 75 నోడ్లది మిగిలి మళ్లీ పిల్లల్ని కంటుంది. క్రాస్ఓవర్ తరం తరానికీ బుల్లి చెట్లను కుప్పగా పోస్తుంటే సెలెక్షన్ వాటిని ఏరి పారేస్తుంది. మిగిలినవాటి సగటు ఎక్కక ఏం చేస్తుంది? 2007 ప్రాంతంలో పోలి, డిగ్నమ్, లాంగ్డన్ ఇచ్చిన ‘క్రాస్ఓవర్ బయాస్’ వివరణ సారం ఇది.

నమ్మకం కుదరకపోతే టోర్నమెంట్ సైజు 1 చేసి, మ్యుటేషన్ (చెట్టులో యాదృచ్ఛిక మార్పు), ఎలిటిజం (ఉత్తమ చెట్లను ఉన్నవున్నట్టు తర్వాతి తరానికి పంపడం), లోతు హద్దు మూడూ తీసేసి నడపండి. సగటు అటూ ఇటూ ఊగుతుంది గానీ ఒకే దిక్కుగా ఎక్కదు.

జవాబు 2

20వ తరం తర్వాతి సంగతికి ఇంట్రాన్లను, అంటే ఫలితాన్ని మార్చని ముక్కలను, కూడా చూడాలి. (ఎక్స్ × ఎక్స్ + ఎక్స్) అనే 5 నోడ్ల ప్రోగ్రాముకి (ఎక్స్ − ఎక్స్) × బ అనే ముక్క కలిసిందనుకోండి. బ లో 31 నోడ్లుంటే చెట్టు మొత్తం 41. అన్ని నోడ్లకూ సమాన అవకాశం ఇస్తే, కోత 41లో 31 సార్లు బ లోనే పడుతుంది, అంటే నూటికి 75 పైనే. అక్కడ ఏం మారినా విలువ సున్నాయే, బిడ్డ తల్లి అంత బాగానే ఉంటుంది. బ 91 నోడ్లకు పెరిగితే ఈ రక్షణ నూటికి 90. ఎర్రర్ ఇక తగ్గనప్పుడు చెడిపోకుండా ఉండటమే గెలుపు, కాబట్టి లావుపాటివే నెగ్గుతాయి. (బ లో ఇన్ఫినిటీ పుడితే సున్నాతో గుణించినా నాన్ (అంకె కాని విలువ) వస్తుంది, అప్పుడు ఈ కవచం పనిచేయదు.)

పైగా ఒకే ఫలితమిచ్చే ప్రోగ్రాముల్లో పొట్టివి కొన్నే, పొడుగువి లెక్కలేనన్ని. వెతుకులాట ఊరికే తిరిగినా పొడుగువే తగులుతాయి.

ప్రశ్న అడిగినవారు

మరి 17 హద్దు ఏం చేస్తున్నట్టు?

జవాబు 3

దాదాపు ఏమీ లేదు. అది జెనెటిక్ ప్రోగ్రామింగ్ మీద జాన్ కోజా రాసిన 1992 పుస్తకం నుంచి అలవాటుగా వస్తున్న అంకె. వేరును 0గా లెక్కిస్తే, 17 లోతున్న నిండు ద్విశాఖ చెట్టులో 2,62,143 నోడ్లు పడతాయి. మీ 300 దానికి ఏ మూలకి? పైథాన్ డీప్ లైబ్రరీ వాడుతుంటే (డీప్ లెర్నింగ్‌తో సంబంధం లేదు) ఇంకో చిక్కుంది. అందులోని స్టాటిక్‌లిమిట్ ఫంక్షన్, హద్దు దాటిన బిడ్డను తీసేసి తల్లిదండ్రుల్లో ఒకరి నకలు పెడుతుంది. హద్దుకు ఆనుకున్న జనాభాలో నకళ్లు పేరుకుపోతాయి. ఎలాగూ పెట్టాలనుకుంటే లోతుతో పాటు నోడ్ల సంఖ్యకూ పెట్టండి.

సైజుకు జరిమానాగా ఎర్రర్‌కి నోడ్ల సంఖ్య × సి (ఒక స్థిరాంకం) కలిపే పద్ధతి సులువే, సి ఎంచుకోవడమే తలనొప్పి. సి = 0.01 అనుకోండి. 0.02 ఎర్రరున్న 51 నోడ్ల చెట్టుకు 0.53 పడుతుంది, 0.40 ఎర్రరున్న ఒంటి ఆకుకు 0.41. ఆకే గెలిచి, కొన్ని తరాల్లో జనాభా అంతా ఆకులే. సి = 0.001 అయితే 0.071, 0.401, ఇది సరే. కానీ ఎర్రర్ తేడాలు 0.0005 స్థాయికి దిగాక అదే సి మెరుగులను మింగేస్తుంది.

అందుకే నేనైతే డబుల్ టోర్నమెంట్ (ఒక పోటీ ఎర్రర్ మీద, ఇంకోటి సైజు మీద) వాడమంటాను. డీప్‌లో పార్సిమొనీ సైజు (చిన్న చెట్లకు ఎంత మొగ్గు ఇవ్వాలనే అంకె) 1.4 ఇస్తే, ఇద్దరిలో చిన్నది 0.7 సంభావ్యతతో గెలుస్తుంది. ఎర్రర్ కొలమానం మారినా ఈ అంకెను ముట్టుకోనక్కర్లేదు.

జవాబు 1

మూల్యాంకనానికే ఎక్కువ సమయం పోతుంటే టార్పియన్ పద్ధతి చూడండి. సగటు కంటే పెద్ద చెట్లలో ప్రతిదానికీ, ఉదాహరణకు 0.3 సంభావ్యతతో, లెక్కించకుండానే అత్యంత చెడ్డ ఫిట్‌నెస్ (చెట్టు ఎంత బాగుందో చెప్పే మార్కు) ఇచ్చేయడమే. సగటు సైజు తీసేటప్పుడు మాత్రం వాటినీ కలపండి. చెడ్డ ఫిట్‌నెస్‌గా నాన్ పెట్టకండి, చిన్నదా, పెద్దదా, సమానమా అని దానితో ఎలా పోల్చినా తప్పు అనే వస్తుంది కాబట్టి సార్టింగ్ గజిబిజి అవుతుంది. పెద్ద అంకె ఏదైనా ఇచ్చి, లాగ్‌లో సగటు ఎర్రర్ బదులు మీడియన్ రాసుకోండి.