రాత్రి కంపలో అరిచే పురుగు: ఫోటో చూసి పేరు చెప్పగలరా?

ప్రశ్న (దేవరకొండ దగ్గర నుంచి):
అన్నా, వానలు పడ్డప్పటి నుంచి మా చేను గట్టు మీది రేగు కంపలో రాత్రి ఎనిమిదిన్నర దాటితే ఒక పురుగు అందుకుంటుంది. ఇంట్లో కీచురాయి అరుపులా సన్నగా ఉండదు, గరుకుగా, ఆగి ఆగి వస్తుంది. టార్చ్ వేస్తే నోరు మూస్తుంది. ఈ కంప దగ్గరికి పోతే ఆ కంపలో అరిచినట్టుంటుంది. నాలుగు రాత్రులు తిరిగితే ఒకటి దొరికింది. ఎండుటాకు రంగు, ఒంటికన్నా పొడుగు మీసాలు, తోక దగ్గర కత్తిలాంటి ముల్లు. అరుదైన జాతి అంటున్నాడు మా తమ్ముడు. నిజమేనా? ఆ ముల్లుతో కుడుతుందా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, అదొక టెన్షన్.

జవాబు (అచ్చంపేట):
కుట్టదు తమ్మీ. అది గుడ్లు పెట్టే గొట్టం. అంటే నీకు దొరికింది ఆడది. ఫోటో చూస్తే మెకోపోడా గుంపులా ఉంది (పొడుగు మీసాల మిడతల్లో ఒక రకం), వాటిలో పాడేది మగదే. నాలుగు రాత్రులు వెతికి పాట వినడానికి వచ్చినదాన్ని పట్టుకున్నావు!

మగదానికి ఎడమ రెక్క అడుగున రంపం పళ్ళలాంటి గీత ఉంటుంది, దాన్ని కుడి రెక్క అంచుకు రాస్తే ఆ చప్పుడు. వినే చెవులేమో ముందుకాళ్ళలో, మోకాలి కింద.

ఇక పేరు. ఫోటోతో తేలదు. దక్షిణ భారతంలోని మెకోపోడాలను బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్ళు పరిశీలించి 2006లో ప్రచురించారు. చూడ్డానికి తేడా తెలియని పురుగులు ఐదు వేరువేరు పాటలు పాడుతున్నాయి. చిర్పర్, డబుల్ చిర్పర్, టూ పార్ట్, ట్రెయిన్, హెలికాప్టర్ అని పేర్లు పెట్టారు. చిర్పర్ మగవి పక్కపక్కన ఉంటే తాళం కలిపి పాడతాయి. నువ్వు ఈ కంప, ఆ కంప అని తిరిగింది అందుకేనేమో. ఒకటనుకున్నది రెండు అయ్యుండొచ్చు. పాట వినకుండా 'అరుదైనది' అనడం మాత్రం తొందరే.

ప్రశ్న అడిగినవారు:
మరి వాయిస్ నోట్ పెట్టనా?

మరొకరు (నల్లగొండ):
వాట్సాప్ వాయిస్ నోట్ వద్దండి, అది మనిషి మాట కోసం కుదించేది, పై స్వరాలు పోతాయి. రికార్డర్ యాప్‌లో వేవ్ (WAV, కుదించనిది) ఫార్మాట్, 48,000 శాంపిల్ రేటు (సెకనుకు చప్పుడును ఎన్నిసార్లు కొలవాలో) పెట్టి రెండు నిమిషాలు తీయండి, ఫైల్‌గానే పంపండి. వీటి పాటలో కొంత మన చెవికి అందనంత పైన ఉంటుంది, ఫోన్‌కూ అంతా దొరకదు. కానీ ఎంతసేపు కూసి ఎంతసేపు ఆగుతుందో కొలవడానికి అది చాలు. వేడిని కూడా రాసుకోండి, చల్లబడితే పాట నిదానిస్తుంది. లేకపోతే జూలై పాటా డిసెంబర్ పాటా రెండు జాతులనుకుంటాం.

దగ్గరికి పోవాలంటే అరిచినప్పుడే అడుగేయండి, ఆపగానే మీరూ ఆగండి. ఇద్దరు రెండు వైపుల నుంచి చేయి చూపిస్తే ఆ రెండు గీతలు కలిసేచోట ఉంటుంది.

జవాబు (అచ్చంపేట):
ఒక్కటే జాగ్రత్త. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ వైపు రాత్రి పోవద్దు, పురుగైనా అనుమతి లేకుండా పట్టి తేవద్దు. గట్లు, చెరువు కట్టలు చాలు. 'వినబడలేదు' అన్న రాత్రి కూడా తేదీ, ఊరు వేసి రాసుకో, ఈ పురుగు ఎక్కడిదాకా ఉందో తెలిసేది దానితోనే.

ప్రశ్న అడిగినవారు:
నిన్న రాత్రి తమ్ముణ్ణి అవతల నిలబెట్టి చూశాను అన్నా. రెండే ఉన్నాయి. ఫైల్ పంపుతున్నా, మధ్యలో కుక్క మొరిగింది, ఏమనుకోవద్దు.