పిల్లల పప్పు వేరుగా వండాలా, అందరి గిన్నెలోంచే పెట్టాలా?

కూకట్‌పల్లి అమ్మ

మా అబ్బాయికి నాలుగేళ్లు. పెరుగన్నం, ఇడ్లీ ఇష్టంగా తింటాడు గానీ పప్పులో కరివేపాకు రెబ్బ కనిపించినా, టమాటా తొక్క నాలుకకు తగిలినా కంచం పక్కకు నెట్టేస్తాడు. అందువల్ల మాకు టమాటా పప్పో తోటకూర పప్పో వండుకుంటూ, వాడికోసం చిన్న కుక్కరులో ఉప్పు, పసుపు మాత్రమే వేసిన కందిపప్పును వేరుగా ఉడికిస్తున్నాను. మా అత్తగారిది పల్నాడు. పిల్లవాడికి వేరే వంట అలవాటు చేస్తే రేపు నలుగురిలో కూర్చుని తినలేడని, ఇంట్లో వండినదే కొంచెం కొంచెంగా పెడుతూ పోవాలని ఆవిడ గట్టిగా అంటున్నారు. ఆవిడ మాటలో న్యాయం ఉందనిపిస్తుంది, కానీ వాడు కళ్లనీళ్లు పెట్టుకుని కారం మింగుతుంటే చూడలేకపోతున్నాను. ఈ రెండు పద్ధతుల్లో ఏది మంచిదో, కారం లేని పప్పును రుచిగా చేసే దారి ఏమిటో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

తెనాలి అమ్మమ్మ

అమ్మా, రెండు కుక్కర్ల అవసరం లేదు. పప్పు ఉడికేటప్పుడు అందులో కారం పడవలసిన పని లేనే లేదు. కందిపప్పును దోరగా వేయించి, కడిగి, అరగంట నానబెట్టి, చిటికెడు పసుపు, కొద్దిగా నూనె వేసి మెత్తగా ఉడికించండి. అందులోంచి పిల్లవాడి వాటా తీసి ఉప్పు, నెయ్యి వేసి మెదిపితే అది ముద్దపప్పు అవుతుంది. మిగిలినదానిలో విడిగా మగ్గించిన టమాటా, పచ్చిమిరపకాయలు, చింతపండు రసం కలిపి పోపు పెడితే అది మీ పప్పు అవుతుంది. చింతపండునో పుల్లమామిడి ముక్కలనో మొదటే కుక్కరులో వేస్తే ఆ పులుపు పప్పును త్వరగా మెత్తబడనివ్వదు కాబట్టి, పెద్దలకు వండేటప్పుడైనా పులుపును తరవాత కలపడమే మేలు.

మీ అత్తగారి మాటకు కూడా దీనిలోనే సమాధానం ఉంది. మా వైపు ముద్దపప్పులోకి ఆవకాయ, తెలంగాణలో ముద్దపప్పులోకి పచ్చిపులుసు వడ్డించుకుంటారు. రెండు చోట్లా పప్పు కమ్మగానే ఉంటుంది, కారమూ పులుపూ కంచంలో పక్కన ఉంటాయి. పిల్లవాడికి ఆ పక్కది వడ్డించకపోతే సరిపోతుంది, వాడు తినేది ఇంటిల్లిపాదీ తినేదే అవుతుంది. మన భోజనంలో ఇంత చక్కటి ఏర్పాటు ఎప్పటినుంచో ఉండగా పిల్లల వంట అని మరొకటి పెట్టుకోవడం నాకు నచ్చదు.

డాలస్ నాన్న

అమ్మమ్మగారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. రోజూ ముద్దపప్పు వండే ఇల్లయితే ఆ పద్ధతి బాగానే ఉంటుంది. కానీ వారంలో ఎక్కువ రోజులు ఆకుకూర పప్పో దోసకాయ పప్పో చేసుకునే ఇంట్లో, పోపుకు ముందు తీసి పక్కన పెట్టిన పప్పు వంట మధ్యలో ఆగిపోయిన పదార్థమే తప్ప వంటకం కాదు. అది రుచిగా లేదని పిల్లలు వద్దంటే ఆ తప్పు పిల్లలది కాదు.

మా ఇంట్లో పిల్లల పప్పు వేరుగానే వండుతాము, పైగా కందిపప్పుకు బదులు పెసరపప్పు వాడతాము. దానిని సువాసన వచ్చేవరకు, ఎర్రబడకుండా వేయించి, కడిగి, అల్లం ముక్కను చితక్కొట్టి వేస్తే మూత పెట్టిన మామూలు గిన్నెలోనే కాసేపటికి మెత్తబడుతుంది, నానబెట్టే పని కూడా ఉండదు. దించేముందు అల్లం ముక్కను తీసేసి, నెయ్యిలో జీలకర్ర, చిటికెడు ఇంగువ వేయించి కలుపుతాము. ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు వేయము, ఎందుకంటే మా పిల్లలకు రుచికంటే పళ్లకిందికి వచ్చేవాటితోనే పేచీ ఎక్కువ. ఇద్దరమూ ఉద్యోగాలు చేస్తున్నా ఇది మాకు భారంగా అనిపించలేదు. పిల్లల కోసం ప్రత్యేకంగా వండడం గారాబం కాదని, వాళ్లను కూడా రుచి తెలిసిన మనుషులుగా చూడడమని నా అభిప్రాయం.

కర్నూలు ఉపాధ్యాయురాలు

నేను ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. మధ్యాహ్న భోజన పథకంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు రోజుకు ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు అని లెక్క ఉంటుంది. ఒకటో తరగతి వారికీ ఐదో తరగతి వారికీ ఒకటే గిన్నె. కాబట్టి ఈ చర్చలో అడిగిన ప్రశ్న మాకు ప్రతిరోజూ కళ్లముందే ఉంటుంది.

పప్పులో కారం ఎక్కువైన రోజున చిన్నపిల్లలు గుక్కగుక్కకూ నీళ్లు తాగుతూ అన్నం వరకు తిని, పప్పును కంచం అంచున వదిలేస్తారు. ఆ పూట వారికి అందవలసిన 20 గ్రాముల్లో చాలా భాగం చెత్తబుట్ట పాలవుతుంది. అలవాటు చేయాలనే పేరుతో కారం పెట్టేవారు ఈ సంగతిని గమనించాలని నా కోరిక, ఎందుకంటే కారం అలవాటయ్యే లోపల పప్పు మీదే పిల్లలకు విరక్తి కలుగుతుంది. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. ఇంట్లో ఉప్పు, పసుపు తప్ప మరేమీ లేని పప్పు మాత్రమే తిని బడికి వచ్చిన పిల్లలు, కారం తక్కువగా ఉన్న రోజున కూడా ఆకు కనిపించగానే భయపడతారు. వారిని వేధిస్తున్నది కారం కాదు, అలవాటు లేని రంగు, పులుపు, ఆకు.

కాబట్టి వేరు గిన్నెనా ఒకే గిన్నెనా అన్నదానికంటే, పిల్లల పప్పులోంచి మనం ఏమి తీసేస్తున్నామన్నదే అసలు విషయమని నాకు తోస్తుంది. మిరపకాయను తీసేయండి. పులుపు, వెల్లుల్లి వాసన, జీలకర్ర, ఆకుకూర, వేయించిన పప్పు కమ్మదనం మాత్రం తీసేయకండి. మా రాయలసీమలో పొట్టు పెసరపప్పు, బియ్యం కలిపి పులగం వండి, పెద్దలు దానిలోకి వేరుశనగ పచ్చడి వేసుకుంటారు, పిల్లలకు నెయ్యి వేసి కలిపి పెడతారు. అందులో పొట్టు నల్లగా, పచ్చగా స్పష్టంగా కనిపిస్తుంది, అయినా చిన్నప్పటినుంచి చూసిన పిల్లలు దానిని ఏరిపారేయరు.

ఆకుకూరను మిక్సీలో మెత్తగా తిప్పి పప్పులో దాచిపెట్టమని చాలామంది సలహా ఇస్తారు. పోషకాల దృష్ట్యా అందులో తప్పు లేదు, కానీ ఎప్పుడూ దాచే పెడితే పిల్లవాడికి పాలకూరతో పరిచయమే కలగదు. నన్నడిగితే బీరకాయ, సొరకాయలతో మొదలుపెట్టడం మంచిది. చెక్కు తీసి సన్నగా తరిగితే అవి పప్పులో మెత్తగా కలిసిపోతాయి, ఒకటి రెండు ముక్కలు మాత్రం కంటికి కనిపిస్తూనే ఉంటాయి. టమాటా వేయాలంటే వేడినీళ్లలో వేసి తొక్క ఒలిచి వేయండి. ఆకుల విషయానికి వస్తే లేత చుక్కకూర చాలా త్వరగా కరిగిపోతుంది, దాని పులుపు కూడా పిల్లలకు నచ్చుతుంది. తోటకూరను కాడలు తీసి, సన్నగా తరిగి, తరవాతి దశలో మొదలుపెట్టవచ్చు.

వరంగల్ పోషకాహార నిపుణురాలు

ఉపాధ్యాయురాలు గారు చెప్పినదానికి కొంత చేర్చదలిచాను. రెండు నుంచి ఆరేళ్ల వయసులో కొత్త ఆహారాన్ని వద్దనడం ఎదుగుదలలో సహజంగా వచ్చే దశే. అమెరికాలో లియాన్ బర్చ్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు 1980ల నుంచి చేసిన పరిశోధనల్లో, వద్దన్న పదార్థాన్ని ఒత్తిడి లేకుండా మళ్లీ మళ్లీ రుచి చూపిస్తే, సాధారణంగా ఎనిమిది నుంచి పదిహేను సార్ల లోపల చాలామంది పిల్లలు దానిని ఒప్పుకుంటారని, బలవంతం చేసినప్పుడు మాత్రం అయిష్టం పెరుగుతుందని తేలింది. అందువల్ల పిల్లవాడికి తెలిసిన పప్పు కంచంలో ఉండగానే, ఇంట్లోవారు తినే పప్పును కారం కలపకముందే తీసి ఒక చెంచాడు పక్కన వడ్డించి, తిన్నా తినకపోయినా ఏమీ అనకుండా ఉండడం ఈ రెండు వాదాలకూ సరిపోయే పద్ధతి.

మరొక విషయం చర్చలో రాలేదు. పిల్లలు సులువుగా మింగుతారని చాలామంది పప్పు మీద తేరిన నీటిని, అంటే పప్పుకట్టును, అన్నంలో కలిపి పెడుతున్నారు. ఆ నీటిలో మాంసకృత్తులు చాలా తక్కువగా ఉంటాయి, పిల్లవాడి కడుపు మాత్రం నిండుతుంది. పప్పును మెత్తగా మెదిపి చిక్కగానే పెట్టాలి. మాంసకృత్తులు ఏర్పడే అమైనో ఆమ్లాల్లో, బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో, పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ బియ్యంలో ఉంటాయి కాబట్టి, సుమారు మూడు వంతుల బియ్యానికి ఒక వంతు పప్పు చొప్పున కలిస్తేనే రెండింటి విలువా పెరుగుతుంది. దించిన తరవాత కొద్దిగా నిమ్మరసం పిండితే పప్పులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఇంకా ఏడాది నిండని పసిపిల్లలకైతే పప్పులో ఉప్పు కూడా వేయకూడదు.

తెనాలి అమ్మమ్మ

కట్టు గురించి మీరు చెప్పినది రోజువారీ భోజనానికి ఒప్పుకుంటాను. జ్వరం తగ్గిన పిల్లవాడికి మొదటి పూట పెసరకట్టు పోయడం మాత్రం మానుకోనవసరం లేదు, ఎందుకంటే ఆ పూట కావలసింది బలం కాదు, నోటికి మళ్లీ రుచి తెలియడం. డాలస్ బాబుగారికి ఒక మాట. మీరు నెయ్యిలో జీలకర్ర, ఇంగువ వేయించి కలుపుతున్నది పోపే కదా. ఆ చిన్న పోపును నేను తీసిపెట్టమన్న వాటాలో వేస్తే అది కూడా పూర్తి వంటకమే అవుతుంది, దానికి వేరే పప్పు ఉడికించనక్కర లేదు.

కూకట్‌పల్లి అమ్మ

అందరికీ ధన్యవాదాలు. రేపటినుంచి ఒకే కుక్కరు పెట్టి, వాడి వాటాకు జీలకర్ర పోపు వేసి, మా పప్పు మిరపకాయలు కలపకముందే ఒక చెంచాడు తీసి వాడి కంచంలో పక్కన ఉంచుతాను. ఇంకొక్క సందేహం ఉంది. మా అబ్బాయి మధ్యాహ్నం బడిలోనే డబ్బా తింటాడు. ఉదయం జారుగా ఉన్న పప్పన్నం అప్పటికి గట్టి ముద్ద అవుతోందని, నోట్లో అతుక్కుంటోందని తెచ్చేస్తున్నాడు. దీనికి ఏమి చేయాలి?

డాలస్ నాన్న

అమ్మమ్మగారి చివరి మాటకు నా దగ్గర సమాధానం లేదు, ఆ పోపు సలహాను ఒప్పుకుంటున్నాను. అయినా డబ్బాకు పెసరపప్పు వాడవద్దనే చెబుతాను, ఎందుకంటే చల్లారితే అది కందిపప్పుకంటే ఎక్కువగా గట్టిపడుతుంది. పప్పు, అన్నం రెండూ చల్లారేకొద్దీ నీటిని పీల్చుకుంటాయి కాబట్టి, ఉదయం చూడడానికి మరీ పలచగా ఉందనిపించేంత వేడినీటిని పప్పులో కలిపి ఒక పొంగు రానివ్వండి. అన్నాన్ని కొంచెం మెత్తగా వండి, వేడిగా ఉన్నప్పుడే మెదిపి, నెయ్యి రెట్టింపు వేసి కలపండి. వేడి నిలిపే డబ్బా అయితే ముందుగా మరిగే నీళ్లు పోసి మూతపెట్టి, కొన్ని నిమిషాల తరవాత వంపేసి, వెంటనే పొగలు కక్కే పప్పన్నాన్ని నింపితే మధ్యాహ్నం దాకా వెచ్చగా, జారుగా ఉంటుంది. అలాంటి డబ్బా లేకపోతే పప్పును, అన్నాన్ని వేరువేరు గిన్నెల్లో పెట్టి పంపండి. నాలుగేళ్ల పిల్లవాడు చెంచాతో తనే కలుపుకోగలడు.