అప్‌డేట్: ఏడో నెలలో బీపీ 150/100 అని అడిగాను కదా

బీపీ తగ్గడానికి ఇచ్చిన లాబెటలాల్ మాత్రలు బిడ్డకు ఇబ్బందా అని అప్పుడు అడిగాను. తిరుపతిలో మా డాక్టరమ్మ, గర్భిణులకు తరచూ రాసే మందే ఇది, మానేస్తేనే ప్రమాదం అన్నారు. ఆపలేదు. ఇంట్లో రోజూ పొద్దున, సాయంత్రం కాసేపు కుదురుగా కూర్చుని, వీపు ఆనించి, చేయి గుండె ఎత్తులో దిండు మీద పెట్టి బీపీ చూసుకునేదాన్ని. అంకెలు అత్తమ్మే నోటుబుక్కులో రాసేవారు. పాపం, నాకన్నా ఆవిడకే టెన్షన్.

తొమ్మిదో నెలలో ఒక రాత్రి తలనొప్పి తగ్గలేదు, కళ్ల ముందు మెరుపులు. చూస్తే 164/112. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాం. మూత్రంలో ప్రోటీన్ ఉంది. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చి, 37 వారాలు నిండాయి కాబట్టి కాన్పు చేసేశారు. పాప బాగుంది! కాన్పయ్యాక కూడా బీపీ పెరగొచ్చట, అందుకే మాత్రలు ఇంకా వాడుతున్నా. ధైర్యం చెప్పిన అక్కలందరికీ చాలా థ్యాంక్స్.