మలేరియా మందు వాడేశాక కూడా కిట్‌లో పాజిటివ్ వస్తుందా?

మందస కుర్రోడు:
మా నాన్న మందస దగ్గర కొండ కింద జీడితోటకు కాపలా ఉంటారు. పోయిన నెల చలిజ్వరం వస్తే ఆశా కార్యకర్త ఇంటికొచ్చి, వేలికి గుచ్చి కిట్ పెట్టింది. పీఎఫ్ (ఫాల్సిపారం రకం మలేరియా) గీత పడింది. పీహెచ్‌సీ నుంచి వచ్చిన మూడు రోజుల బిళ్లలు తన ఎదురుగానే మింగించింది. జ్వరం పోయింది, అన్నం బాగా తింటున్నారు. మొన్న ఊళ్లో క్యాంపు పెట్టి మళ్లీ కిట్ పెడితే అదే గీత! అమ్మకి ఒకటే టెన్షన్. నేను వైజాగ్‌లో ఉన్నాను. ఏం చేయమంటారు?

పలాస బాబు:
ప్రైవేటుకి తీసుకెళ్లి ఇంజక్షన్లు చేయించెయ్యండి బ్రో. బిళ్లలు పనిచేయలేదన్నమాటే.

ల్యాబ్ బాబాయి:
కంగారు పెట్టకు బాబూ. ఆర్టిసునేట్ అనే మలేరియా ఇంజక్షన్ జబ్బు ముదిరినవాళ్లకి. ఈయన అన్నం తింటున్నారు కదా!

నేను స్లైడ్లు చూస్తూ ముసలాణ్ణయ్యాను. ఆ పీఎఫ్ గీత మలేరియా పురుగుని చూసి పడదు, అది వదిలే హెచ్‌ఆర్‌పీ-2 అనే ప్రొటీన్‌ని పట్టుకుని పడుతుంది. పురుగు చచ్చాక కూడా ఆ ప్రొటీన్ వారాల తరబడి రక్తంలో ఉంటుంది. పెళ్లివారు వెళ్లిపోయినా పందిరి విప్పనట్టు. మందు వాడి, జ్వరం తగ్గిన మనిషికి నెల తిరక్కుండా అదే కిట్ పెట్టడమే దండగ.

అనుమానం తీరాలంటే పీహెచ్‌సీలో రక్తపూత (గాజు స్లైడ్ మీద రక్తం చుక్క) తీయించు. పురుగు ఉందా, ఉంటే ఏ దశలో ఉందో మైక్రోస్కోప్‌లో తెలుస్తుంది. జ్వరం తిరగబెడితే మాత్రం ఆ రోజే వెళ్లాలి.

మెళియాపుట్టి ఆశా:
బాబాయి గారు చెప్పింది నిజమే. మందు మొదలుపెట్టిన తేదీ మా రిజిస్టరులో ఉంటుంది, క్యాంపువాళ్లకి అది తెలీదు. మీ నాన్నగారూ చెప్పి ఉండరు, మగాళ్లు చెప్పరు. ఇంకోటి, కిట్‌ని పావుగంట, ఇరవై నిమిషాల్లో చూసెయ్యాలి. పక్కన పడేసి గంట తర్వాత చూసిన గీత లెక్కలోకి రాదు.

మందస కుర్రోడు:
థాంక్యూ బాబాయ్, థాంక్యూ అక్కా. రేపే రక్తపూతకి పంపిస్తాను. అదే క్యాంపులో, వారంగా జ్వరంతో ఉన్న చెల్లికి డెంగీ ఎన్ఎస్1 టెస్ట్ నెగెటివ్ అన్నారు. నమ్మొచ్చా?

ల్యాబ్ బాబాయి:
ఎన్ఎస్1 అంటే డెంగీ వైరస్ వదిలే ప్రొటీన్, అది మొదటి నాలుగైదు రోజుల్లో చూడాల్సింది. వారం దాటాక ఐజీఎం (డెంగీకి ఒళ్లు తయారుచేసే యాంటీబాడీ) పరీక్ష అడుగు, అదీ ఎలైజా అనే ల్యాబ్ పద్ధతిలో. మీ నాన్నకంటే ముందు ఆ అమ్మాయిని తీసుకెళ్లు.