మునిసిపల్ కార్పొరేషన్‌కి బ్లీచింగ్ పౌడర్ సప్లై టెండర్, మొదటిసారి

అన్నా, చిత్తూరులో కెమికల్స్ హోల్‌సేల్ షాపు మాది. కార్పొరేషన్ బ్లీచింగ్ పౌడర్‌కి టెండర్ పిలిస్తే వేద్దామని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1:
ముందు క్లాస్ 3 డిజిటల్ సిగ్నేచర్ తీసుకుని, ఏపీ ఈ-ప్రొక్యూర్‌మెంట్ (ప్రభుత్వ ఆన్‌లైన్ టెండర్ల) పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోండి. జీఎస్టీ, పాన్, పాత సప్లై ఆర్డర్లు, ఈఎండీ (టెండర్‌తో పాటు కట్టే డిపాజిట్) కట్టిన ఆధారం టెక్నికల్ బిడ్‌లోకి వెళ్తాయి. రేటు ప్రైస్ బిడ్‌లోనే ఉండాలి. టెక్నికల్ కాగితాల్లో ఎక్కడైనా రేటు కనబడితే మీ బిడ్‌ని తీసి పక్కన పెట్టేస్తారు. టెక్నికల్‌లో పాసైనవాళ్ల రేట్లే తెరుస్తారు, అందులో తక్కువ కోట్ చేసినవాళ్లే ఎల్1. ఆఖరి గంట దాకా ఆగొద్దు, అప్‌లోడ్ మధ్యలో ఆగితే ఎవరూ ఏం చేయలేరు.

జవాబు 2:
యూనిట్ రెండుసార్లు చూడండి. 25 కిలోల బస్తా రేటు మనసులో పెట్టుకుని, టన్ను అడిగిన గడిలో వేస్తే 40 రెట్లు తక్కువ పడుతుంది. ఎల్1 మీరే అవుతారు, వెనక్కి తగ్గితే ఈఎండీ పోతుంది. జీఎస్టీ కలిపి అడిగారా, విడిగానా అన్నదీ చూడండి.

జవాబు 3:
సరుకు సంగతి మరవకండి. ఐఎస్ 1065 (బ్లీచింగ్ పౌడర్‌కి ఉన్న భారతీయ ప్రమాణం) అడిగితే ల్యాబ్ పరీక్షలో క్లోరిన్ శాతం చూస్తారు. మన ఎండలకి, తేమకి గోడౌన్‌లోనే క్లోరిన్ ఎగిరిపోతుంది. పొడి గడ్డ కట్టి ఉంటే అనుమానించాల్సిందే. ఆర్డర్ వచ్చాకే తాజా బ్యాచ్ తెప్పించండి.

ఇంకోటి, కాంట్రాక్టు 2.5 లక్షలు దాటితే బిల్లులో 2 శాతం జీఎస్టీ టీడీఎస్ (ముందే మినహాయించే పన్ను) పట్టుకుంటారు. దాన్ని జీఎస్టీ పోర్టల్‌లో యాక్సెప్ట్ చేస్తేనే అక్కడి మీ క్యాష్ లెడ్జర్ (పన్ను ఖాతా)లోకి వస్తుంది.