అప్‌డేట్: 72 మంది స్పోకెన్ ఇంగ్లీష్ బ్యాచ్

హనుమకొండలో పార్ట్‌టైమ్ క్లాసు, చిన్న గదిలో 72 మంది, గంట టైము, ఎట్లా నెట్టుకురావాలని అడిగిన కదా. మీరు చెప్పినవాటిలో పనికొచ్చినవి రాస్తున్న.

ఒక్కొక్కరిని లేపి మాట్లాడిస్తే గంటంతా పోయినా మనిషికి 50 సెకన్లే. జంటలుగా 20 నిమిషాలిస్తే తలా 10 నిమిషాలు. బెంచీలు జరపనక్కర్లేదు: బెంచీకి ముగ్గురు, బేసి వరుసవాళ్లు వెనక్కి తిరిగితే ఆరుగురి గుంపు, మొత్తం 12. లీడర్‌ని వారం వారం మార్చాలి, లేకుంటే ఆ ఒక్కరిదే రాజ్యం. హాజరు కూడా లీడరే వేస్తాడు.

జంటలు కాసేపటికే తెలుగులోకి జారేది బద్ధకంతో కాదు, అడగాల్సిన అవసరం లేక. ‘మీ ఊరి గురించి చెప్పండి’ అంటే రెండు ముక్కల్లో అయిపోతది. చీటీలు పంచండి: ఒకరి చీటీలో కాజీపేట రైళ్ల టైములు, ప్లాట్‌ఫారం ఖాళీ, రెండోవారిదాంట్లో ప్లాట్‌ఫారాలుండి టైములు ఖాళీ. అడిగితే తప్ప నిండదు. చీటీ చూపించుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పాలి.

నోటుబుక్కులు రోజుకు 12, గుంపుకొకటి. ఆరు క్లాసుల్లో అందరివీ అయితయి. ఒక విడతకు ఒకే రకం తప్పు దిద్దాలి. మొదట ‘హి గో’, ‘షి కమ్’ లాంటివి పట్టుకోండి. ‘ఎ’, ‘ది’ల జోలికి అప్పుడే పోవద్దు, తెలుగులో అట్లాంటివి లేవు గనుక అవి చాలా నిదానంగా వస్తయి.

గోల తగ్గించడానికి అరవకుండా చెయ్యెత్తి నిలబడమన్న సలహా వెనక బెంచీల దాకా చేరలేదు. లైటు ఆర్పి వెలిగిస్తే చేరుతది.